పొన్నుకర్ర పంపినవాడే పీకాలి

హయారి వాగు, పొమెరూన్ నది
10 ఆగస్టు 1958, ఆదివారం

సిల్వాన్,

నిన్ను ఊరికి కెప్టెన్ని చేసిందెవరు? మిగతా ఉత్తరం చదివే ముందు ఆగి, ఈ ఒక్కదానికి జవాబు చెప్పుకో. గవర్నరా? కలప కంపెనీ వాడా? రేవు గట్టు మీద చేతులెత్తి నిలబడిన మేమా?

ఎందుకడుగుతున్నానంటే, నిన్న ఛారిటీ ఊరి సంతలో ఉప్పుచేప కొంటే దాన్ని చుట్టి ఇచ్చిన పేపర్లో నువ్వున్నావు. ఇత్తడి బొత్తాల కోటు, నెత్తిన టోపీ, చేతిలో నాన్న పట్టుకున్న పొన్నుకర్ర. నీ భుజం మీద కలప కంపెనీ మేనేజరు చెయ్యి. ఎంత చనువురా ఆ చేతికి! మన అమ్మ కూడా నీ మీద అంత బరువుగా చెయ్యి వేసి ఉండదు. చేప ఉప్పునీరు నీ మొహమంతా పాకింది. నేను తుడవలేదు.

కెప్టెన్లందర్నీ గవర్నరు విందుకు పిలిచాడని చెప్పి వెళ్లావు. విందు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇంకా జార్జ్‌టౌన్‌లో ఏం చేస్తున్నావు? నీ కింద చేసే రోలాండ్ ఇక్కడ ఊరంతా తిరిగి చెబుతున్నాడు: "కెప్టెన్ ఒప్పేసుకున్నాడు, తాటిచెట్ల చిత్తడి వెనక అడవంతా కంపెనీకే." ఆ చిత్తడిలోనే మన చేప, ఆ తాటి నారతోనే మన ఊయలలు. వెనక అడవి నరికితే చిత్తడి ఎండుతుంది. చిత్తడి ఎండితే మనం ఏం తింటాం, ఎక్కడ పడుకుంటాం? ఇది నీకు నేను చెప్పాలా?

కోపం ఆపుకోలేక మిషన్ బడికి వెళ్లి, చెదలు తినగా మిగిలిన నిఘంటువు తీశాను. కెప్టెన్ అన్న మాట ఇంగ్లీషు వాళ్ల సొంతం కూడా కాదట. ఫ్రెంచి వాళ్ల దగ్గర తెచ్చుకున్నారు, వాళ్లు లాటిన్‌లోంచి. మూలంలో అర్థం తల. చీఫ్ అన్న మాటా ఆ తలలోంచే పుట్టిందట. ఓడకొక తల, పటాలానికొక తల, మనకొక తల. అమ్మమ్మ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. "ముందు నడిచేవాడు" అనేది. ముందు నడిచేవాడి కాలికే కదా మొదటి ముల్లు గుచ్చుకునేది. తల సంగతి వేరు. తల ఉంటే టోపీ పెట్టచ్చు. పశువుకి తాడు ఎక్కడ కడతారో చూడలేదా? తలకి కట్టి లాగితే ఒళ్లంతా వెంటే వస్తుంది.

ఆ కర్ర మన ఇంటికి ఎలా వచ్చిందో మర్చిపోయావా? డచ్చి వాళ్లిచ్చారు, వెండి పొన్ను వేసి. కెప్టెన్ అని పేరూ పెట్టారు. ఎందుకిచ్చారు? తోటల్లోంచి పారిపోయిన బానిసల్ని అడవిలో జాడ తీసి పట్టివ్వడానికి. మన ముత్తాత తాత పట్టిచ్చాడు. అది చెప్పినప్పుడల్లా అమ్మమ్మ మొహం తిప్పుకునేది. తర్వాత మన వాళ్లు ఆ కర్రకి వేరే పని నేర్పారు. దాన్ని రేవులో పాతితే ఊరు ఉమ్మడి పనికి కదలాలి. పని అయ్యాక కెప్టెన్ తన చేత్తో అందరికీ పైవారి, మన కర్రపెండలం కల్లు, పోసి, ఆఖరి సొరబుర్ర తను తాగాలి. వేట కర్రని వడ్డన కర్ర చేసుకున్నాం. నువ్వు మళ్లీ వేట కర్ర చేస్తావా?

బైబిల్లో సమూయేలు ప్రవక్త ముసలితనంలో జనానికి మొత్తుకుని చెప్పాడు: రాజు కావాలంటున్నారు, వాడు మీ కొడుకుల్ని తీసుకుంటాడు, మీ పొలాలు తీసుకుంటాడు, ఆ రోజు ఏడిస్తే దేవుడు వినడు అని. వాళ్లు విన్నారా? మేమూ వినలేదు. మా తమ్ముడే కదా అని చేతులెత్తాం.

నీ పెట్టలు నా కర్రపెండలం మడిలో పడి తవ్వుతున్నాయి. కోసి తినేస్తాను, అడక్కు.

కోపంతో,
నీ అక్క
యూలాలీ


జార్జ్‌టౌన్
19 ఆగస్టు 1958

అక్కకి,

నీ ఉత్తరం విప్పగానే చెయ్యి కాలింది. మా గదిలో ఉన్న మరో ఊరి కెప్టెన్ అడిగాడు, "ఎవరన్నా పోయారా?" అని. "లేదయ్యా, మా అక్క బతికే ఉంది, అదే ఉత్తరం" అన్నాను.

పేపరు చూసి నన్ను ఉరి తీశావు. బాగుంది. ఆ చెయ్యి సంగతి చెబుతా విను. ఫొటో తీసేవాడు "దగ్గరగా, దగ్గరగా" అంటూ అతన్ని నా మీదకి తోశాడు. నేను పక్కకి జరిగే లోపల దీపం వెలిగింది. కోటు నాది కాదు, గవర్నరు బంగళాలో ఇచ్చింది, చంకల్లో పట్టేసింది. బూట్లు కూడా ఇచ్చారు. అక్కా, నిజం చెబుతున్నా, ఫరో మోషే జనం చేత ఇటుకలు చేయించాడు గాని బూట్లు తొడిగించలేదు. మడమలు రెండూ పుండ్లయ్యాయి.

విందు అయిపోయిన మాట నిజమే. నన్ను వదలడం లేదు. రోజూ కమిషనర్ దొర పిలుస్తాడు. కంపెనీ వాడు కూర్చుని ఉంటాడు. బల్ల మీద కాగితం. "కెప్టెన్, ఊరి తల నువ్వు, నువ్వు సంతకం పెడితే ఊరంతా పెట్టినట్టే" అంటాడు. నీ నిఘంటువు వాళ్ల దగ్గరా ఉన్నట్టుంది! నేను రేపు అంటాను. మర్నాడు మళ్లీ రేపు అంటాను. "నీ ఊళ్లో రేపు ఎప్పుడొస్తుంది?" అని నిన్న అరిచాడు. "వానలు తగ్గాక" అన్నాను. ఇప్పుడు వానలెక్కడివి? తల పట్టుకున్నాడు. వాడి సొంత తల.

ఇక అసలు సంగతి. ఇది నీకొక్కదానికే. మన ఊరి కాగితాల మీద కెప్టెన్ పొన్నుకర్ర చేత పట్టుకుని సంతకం పెడితేనే చెల్లుతుందని పాత డచ్చి కాలం నుంచీ పద్ధతి. వాళ్లూ దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. అందుకే నిన్న కర్రని గోనెసంచిలో చుట్టి ఇసాకు మామ పడవలో పంపించేశాను, నీ చేతికివ్వమని. కర్ర లేదు, కెప్టెన్ లేడు, సంతకం లేదు. ఎందుకు పంపుతున్నానో ఆయనకి చెప్పలేదు, ఆయన నోట్లో మాట ఛారిటీ రేవు దాకా కూడా ఆగదు. నువ్వు దాన్ని సంచి విప్పకుండా చూరులో, అమ్మ ఊయల వెనక దాచు. ఎవరికీ చూపించకు, ముఖ్యంగా రోలాండ్‌కి.

కంపెనీ వాడు విసిగిపోయే దాకా ఇక్కడ కూర్చుంటాను. ముందు నడిచేవాడు ఒక్కోసారి ముందు కూర్చోవాలి కూడా.

పెట్టల్ని కోయకు. ఎర్రది గుడ్ల మీద ఉంది.

కుంటుతూ,
సిల్వాన్


హయారి వాగు
24 ఆగస్టు 1958, ఆదివారం

సిల్వాన్,

నీకు ఇక "తమ్ముడు" అని రాయను. ఆ మాట ఖర్చు చెయ్యను.

ఎగువ గుడిసెల్లో ప్రార్థన పెట్టడానికి వెళ్లి నిన్న దిగి వచ్చాను. వాగు మలుపు తిరగ్గానే ఏం కనపడింది? మన రేవు బురదలో పొన్నుకర్ర, నిటారుగా. ఊళ్లో మగవాళ్లు లేరు, గొడ్డళ్లు లేవు. ఆడవాళ్లు తొట్లలో పైవారి పులియబెడుతున్నారు. వెర్బీనా పిన్నిని అడిగాను.

"ఏం పనికి పిలిచాడు?"

"ఏ పనికో మాకేం తెలుసే, కర్ర వచ్చింది, కదిలాం. బడికి దారి కొట్టాలని రోలాండ్ అన్నాడు."

"బడికి దారి అడవిలోంచా?"

"నన్నడుగుతావేం? నీ తమ్ముడి కర్ర, నీ తమ్ముడి బడి."

పరిగెత్తాను. అక్కడ కంపెనీ కొలతల దొర. గొలుసు, ఎర్ర గుడ్డ కట్టిన కర్రలు. వాడి ముందు మన మగవాళ్లంతా పాటలు పాడుకుంటూ చెట్లు కొడుతున్నారు. తిన్నగా గీసినట్టు, చిత్తడి వైపు. వాళ్ల అడవిలోకి వాళ్లే కంపెనీకి దారి కొడుతున్నారు, ఎంత సంతోషంగా కొడుతున్నారో! "ఆపండి" అని అరిచాను. రోలాండ్ నవ్వాడు: "అక్కా, ఆదివారం నీది, మిగతా రోజులు కెప్టెన్‌వి. కర్ర నిలబడి ఉండగా పని ఆగుతుందా?"

ఆగదు. నాకు తెలియదా? నాన్న కాలంలో తుపానొచ్చినా ఆగలేదు. అది తెలిసే పంపావు. నీ చేతికి మసి అంటకుండా, సంతకం పెట్టే పని లేకుండా, మా గొడ్డళ్లతోనే మా గొంతు కోయించావు. బానిసల్ని పట్టివ్వడానికి మన ముత్తాత తాత కనీసం తనే అడవిలోకి వెళ్లాడు. నువ్వు కర్రని పంపి విందులో కూర్చున్నావు.

ఈ ఉదయం గుడిలో చెప్పాను. నీ పేరు పెట్టి చెప్పాను. చెట్లన్నీ రాజు కోసం తిరిగిన కథ నీకు గుర్తుందా? ఒలీవ చెట్టు నా నూనె వదిలి రానంది. అంజూరం నా తీపి వదిలి రానంది. ద్రాక్ష రానంది. ఏ పనీ లేని ముళ్లపొద ఒక్కటే "నా నీడలోకి రండి" అంది. ముళ్లపొదకి నీడెక్కడిది? దానిలోంచి వచ్చేది నిప్పే. "మన ఊరి ముళ్లపొద ఇత్తడి బొత్తాలు పెట్టుకుంది" అన్నాను. ఫాదర్ గారు ఈ వారం వచ్చి ఉన్నారు. ఆయన విన్నారు, వినాలనే చెప్పాను.

పౌలు రాసింది కూడా చదివాను: తల పాదాలతో "మీరు నాకు అక్కర్లేదు" అనలేదు. నువ్వు అన్నావు.

నీ ఎర్ర పెట్ట పిల్లల్ని చేసింది. వాటికి నీ ఊరు ఉంటుందో లేదో నువ్వే చెప్పు.

యూలాలీ


జార్జ్‌టౌన్
2 సెప్టెంబరు 1958

అక్కకి,

నేను నిన్ను అక్కా అనే పిలుస్తాను. నా దగ్గర ఆ మాట ఇంకా ఉంది.

పంతొమ్మిదో తారీకున నీకు రాసిన ఉత్తరం అందలేదా? అందకుండానే గుడి ఎక్కావా? ఒక్క వారం ఆగలేకపోయావా, నన్ను ఊరందరి ముందు ముళ్లపొద చేసే ముందు? కర్రని పాతమని పంపలేదు. దాచమని పంపాను. నా చేతిలో అది లేకపోతే సంతకం చెల్లదు కాబట్టి పంపాను! సంచిలో చుట్టి, నీ చేతికే ఇవ్వమని పంపాను!

నువ్వు చెప్పిన ప్రసంగం ఫాదర్ గారితో పాటే ఇక్కడికి చేరింది. నిన్న కమిషనర్ దొర నన్ను పిలిచి కుర్చీ వేశాడు. ఇన్నాళ్లలో మొదటిసారి కుర్చీ. "కెప్టెన్, ఇంకా నాటకమెందుకు? నువ్వు అమ్మేశావని మీ అక్కే గుడిలో చెప్పింది. మీ జనమే గొలుసు ముందు చెట్లు కొడుతున్నారు. ఆ గొడ్డళ్లే మీ ఊరి సంతకం. ఈ నెల నడిమికి కంపెనీ లాంచి రంపాలతో వస్తుంది" అన్నాడు. కంపెనీ వాడు మళ్లీ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి ఫొటో తీసేవాడెవడూ తొయ్యలేదు.

అక్కా, నేను ఆ గదిలో రోజూ నిలబడి "రేపు" అన్నాను. అది తప్ప నా దగ్గర ఇంకేం ఆయుధం లేదు. దాన్ని నువ్వు విరగ్గొట్టావు. వాళ్లు కాదు, నువ్వు.

నేను రాను. ఏ మొహంతో రేవులో దిగను? పిల్లలు "ముళ్లపొద వచ్చింది" అంటే నవ్వుతూ వెళ్లాలా? ఇక్కడ రేవులో మూటలు మోసే పని ఉందన్నారు. మూటలకి తల అక్కర్లేదు, మెడ చాలు. రోలాండ్‌ని కెప్టెన్ చేసుకోండి, వాడికి బూట్లు సరిపోతాయి.

నాన్న బతికి ఉంటే ముందు నన్ను అడిగేవాడు. తర్వాత కొట్టేవాడు.

సిల్వాన్


హయారి వాగు
9 సెప్టెంబరు 1958

తమ్ముడూ,

నీ రెండు ఉత్తరాలూ ఒకే సంచిలో ఈ ఉదయం వచ్చాయి. మొదటిది ఛారిటీ తపాలా గదిలో ఎవరి మూట కిందో పడి ఉందట. పాతది తర్వాత, కొత్తది ముందు చదివాను. మళ్లీ వరసలో చదివాను. చదివి రేవుకి వెళ్లాను.

ఇసాకు మామ అక్కడే పడవకి తారు పూస్తున్నాడు. మెడ పట్టుకున్నంత పని చేశాను.

"కర్ర నాకివ్వమన్నాడా లేదా?"

"ఇవ్వమన్నాడు. నువ్వు లేవు. సంచి నాకు ఉప్పుకి కావలసొచ్చింది."

"ఇంట్లో పెట్టి పోవాల్సింది!"

"ఎక్కడ పెట్టను? కెప్టెన్ కర్ర నేల మీద పడుకోబెడతారా? మీ నాన్న లేచొచ్చి నా కాళ్లు విరగ్గొట్టడూ? మర్యాదగా నిలబెట్టి పోయాను."

మర్యాద! చూశావా సిల్వాన్? ఒక ముసలాడి మర్యాద, నీ మూసిన నోరు, నా తెరిచిన నోరు. ఈ మూడూ కలిసి కంపెనీకి దారి కొట్టాయి. నాకు కోపం తగ్గిందనుకోకు. ఇసాకు మామకి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇదంతా జరిగేదా? మన వాళ్లని నమ్మకుండా వాళ్లని కాపాడాలనుకున్నావు. అదే తల బుద్ధి. డచ్చి వాళ్ల మాటతో పాటు వాళ్ల బుద్ధి కూడా అంటుకుంది నీకు. నాకు ఏం అంటుకుందో నీ ముందు చెబుతాను, కాగితం మీద కాదు.

తర్వాత కర్ర దగ్గరికి వెళ్లాను. పీకేద్దామని చెయ్యి వేశాను. అక్కడున్న ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. వెర్బీనా పిన్ని నా మణికట్టు పట్టుకుంది.

"చెయ్యి తియ్యి. మొన్న వాణ్ణి దొంగన్నావు. ఇవాళ వాడి కర్ర నువ్వు దొంగిలిస్తావా?"

కర్ర మీంచి చెయ్యి తీసేశాను.

అప్పుడు అడవిలోకి వెళ్లాను. కొట్టిన దారి పొడుగునా నడిచాను. ఎర్ర గుడ్డలు తాటిచెట్ల దాకా వచ్చేశాయి. మొదటి తాటి మీద గొడ్డలి గాటు కూడా ఉంది. మన మగవాళ్లకి నీ రెండు ఉత్తరాలూ గట్టిగా చదివి వినిపించాను, బూట్ల సంగతి కూడా వదలకుండా. ఒక్కొక్కడు గొడ్డలి దించాడు. కొలతల దొర "ఏమిటి, ఏమిటి" అంటున్నాడు. రోలాండ్ మాత్రం అన్నాడు: "ఉత్తరం వేరు, కర్ర వేరు. కర్ర నిలబడే ఉంది. పంపినవాడు పీకితేనే పని ఆగినట్టు. అప్పటిదాకా ఎవడు ఇంటికి పోతాడో పొండి, చూస్తాను."

వాడు వెధవే, కాని ఆ మాట అబద్ధం కాదు. వాడి మాట విని మన వాళ్లు ఏం చేశారో తెలుసా? కొట్టలేదు, ఇంటికీ పోలేదు. కొట్టిన దారి మీదే వరసగా కూర్చున్నారు, గొడ్డళ్లు మోకాళ్ల మీద పెట్టుకుని. ఇప్పుడూ అక్కడే ఉన్నారు. ఆడవాళ్లు రొట్టె తీసుకెళ్లి పెడుతున్నారు. పైవారి తొట్లు నిండి ఉన్నాయి, పులిసి పొంగుతున్నాయి, ఒక్కరూ బుర్ర ముంచలేదు. పోయాల్సినవాడు లేడు కదా. "ఎన్నాళ్లు కూర్చుంటారు?" అని అడిగితే ఒకే జవాబు: "వాడొచ్చి పీకే దాకా." నిన్ను ముళ్లపొద అన్న నా నోటికి అది చాలు.

కాని లాంచి ఆగదు. రంపాలు మన పద్ధతి ఎరగవు. లాంచి వచ్చే సరికి కర్ర ఇంకా నిలబడి ఉంటే, కొలతల దొర "వీళ్లు ఇంకా పనిలోనే ఉన్నారు" అని రాసుకుంటాడు. నువ్వు దాన్ని అందరూ చూస్తుండగా పీకి, "ఈ పని నాది కాదు, ఊరిది కాదు" అని తిరిగి వచ్చిన ఫాదర్ గారి ముందు, ఆ దొర ముందు అంటే, గొడ్డళ్ల సంతకం అక్కడికక్కడే చెరిగిపోతుంది. ఇది నేను చెయ్యలేను. పిన్ని చెయ్యలేదు. గవర్నరు కూడా చెయ్యలేడు. కెప్టెన్ అన్న మాటకి తల అనే అర్థం నిఘంటువులో ఉంటే ఉండనీ. ఇక్కడ దాని అర్థం ఆ దారి మీద కూర్చుని ఉంది, నీ కోసం దాహంతో.

ఏ మొహంతో దిగాలి అన్నావు. నీ మొహంతోనే. నిన్ను ఊరందరి ముందు అన్నాను, ఊరందరి ముందే వెనక్కి తీసుకుంటాను, రేవులో, మోకాళ్ల మీద. దానికి నువ్వు ఎదురుగా ఉండాలా వద్దా? నువ్వు రాకపోతే నేను అన్న మాట అలాగే నిలబడిపోతుంది, ఆ కర్రలాగే. మూటలు మోస్తావా? మొయ్యి. ముందు ఇది మొయ్యి. యోనా కూడా వేరే ఊరి ఓడ ఎక్కాడు. చేప కడుపులోంచి తిరిగి రావాల్సి వచ్చింది. నీకోసం చేపని పంపేంత తీరిక దేవుడికి లేదు, అందుకని నేను ఇసాకు మామని పంపుతున్నాను.

ఈ ఉత్తరం తపాలాలో రాలేదు. తెచ్చినవాడు నీ ఎదురుగా నిలబడి ఉంటాడు. కోప్పడకు, దారి పొడుగునా సరిపడేలా ఆయన్ని నేను తిట్టే పంపాను. పడవ రేవులో కట్టి ఉంది. కోటు వాళ్లదే, బల్ల మీద పడేయ్. మండే పొద ముందు మోషే ఏం చేశాడో నువ్వూ అదే చెయ్యి: ఆ బూట్లు విప్పు. కమిషనర్ దొరతో ఇక "రేపు" అనకు, ఆ మాట పని అయిపోయింది. నాకు జవాబు రాయకు. నీ చేతిరాత నాకొద్దు, నీ చెయ్యి కావాలి. చదవడం ఇక్కడ ఆపి లేచి, ఇసాకు మామ వెనక నడువు. ఇవాళే బయల్దేరు సిల్వాన్, ఇవాళే!